అమ్మకు ఏ తొక్కు ఇష్టముండె

మొన్న పెత్రమాసకు (పెద్దలకు పెట్టుకునే అమాసకు) ఊరికి పోయినం. పోయినేడు నేను డ్యూటీల ఇరుక్కుని పోలేకపోయిన, తమ్ముడొక్కడే అయ్యగారికి బియ్యం కూరగాయలు ఇచ్చి అయిందనిపించిండు. ఈసారి నేను, తమ్ముడు, చెల్లె ముగ్గురం కలిసినం. బియ్యమిచ్చుడు పొద్దుగాలనే అయిపోయింది, ఇగ ఇంట్ల పెద్దలకు పెట్టుడు మిగిలింది. మా దిక్కు ఆ రోజు పోయినోళ్లకు ఏది ఇష్టముంటే అది వండి ఇస్తారాకుల పెడ్తరు, తాతకైతే కల్లు సీసా కూడ పెడ్తరు, అండ్ల మాత్రం ఏ ఏడు లోటు రానియ్యరు. నాయినకు కోడికూర గారెలు, నాయినమ్మకు పోలెలు, ఇవి ఎవర్నీ అడిగే పనిలేకుండనే అయిపోయినయి. అప్పుడు మా మరదలు (తమ్ముని భార్య) గంటె చేతుల పట్టుకొనే అడిగింది, "బావా, అత్తమ్మకు ఏం ఇష్టముండె?" అని.

ముగ్గురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. నిజం చెప్తున్న, నాకు జప్పున ఏం యాదికి రాలె. అమ్మ వండింది యాదికొచ్చింది, మాకు పెట్టింది యాదికొచ్చింది, ఆమె తిన్నది మాత్రం యాదికి రాలె. చివరికి "పండుమిరపకాయ తొక్కు, జొన్నరొట్టె" అన్న. అది నాకిష్టం, ఆమెకు గూడ అదే ఉంటదిలే అనుకున్న. తమ్ముడు "కాదన్నా, చింతకాయ తొక్కు" అన్నడు, అది వానికిష్టం. చెల్లె పొయికాడ కూసొని గారెలు తీస్తున్నది, ఏం మాట్లాడలె, తల అడ్డంగ ఊపింది అంతే.

ఆ సంగతి తర్వాత చెప్త. ముందు రోలు సంగతి చెప్పాలె, ఎందుకంటే నేను చెయ్యి కడుక్కుందామని పెరట్లకు పోతే అదే కనపడ్డది, అండ్ల వాననీళ్లు నిండి ఉన్నయి, కోడిపిల్లలు అంచు మీదికెక్కి తాగుతున్నయి.

*

మా ఊరు కల్వకుర్తి నుంచి దేవరకొండ పోయే రోడ్డుకు ఓ పక్కకు లోపటికి ఉంటది. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016ల జిల్లాలు పంచినప్పుడు నాగర్‌కర్నూల్ కిందికి పోయింది. చుట్టాలల్ల సగం మంది నల్గొండ జిల్లావోళ్లే. మా మేనత్తను మిర్యాలగూడ దిక్కు ఇచ్చిండ్రు, సాగర్ ఎడమ కాల్వ పారే నేల, యాడ చూసినా వరి, రైస్‌మిల్లులు. మా దిక్కు కాల్వ లేదు కుంట లేదు, జొన్న, ఆముదం, కంది, బావి కింద నీళ్లున్నోళ్లకు ఇంత పల్లి. అత్త వచ్చినప్పుడల్లా మా తలెలల్ల చూసి "ఇంకా రొట్టెలేనాయె మీకు" అంటుండె. అంటనే రెండు రొట్టెలు మా అందరికన్న ముందు తింటుండె, అది వేరే ముచ్చట.

మాటల సంగతి గూడ ఒకటి చెప్పాలె. మా ఇంట్ల పచ్చడి అనే మాట ఏడాదికి ఒక్కసారే వినపడేది, అది ఉగాది నాడు కొత్త కుండల కలిపి గిలాసలతోని తాగేటిది. రోట్ల నూరిందంతా తొక్కే. మామిడికాయ ముక్కలకు కారం పట్టించి జాడిల పెట్టినా తొక్కే, పొద్దుగాల నూరి మాపటికి అయిపోయేది గూడ తొక్కే. చట్నీ అంటే అది హోటల్ల ఉండేటిది, ఇంటికి సంబంధం లేనిది. చాట్‌నా అంటే ఉర్దూల నాకుడు అంట, హోటల్ల చట్నీని మేము అట్లనే తింటుంటిమి గనుక ఆ పేరు సరిగ్గనే పెట్టిండ్రు.

ఇగ రోలు. నల్లరాయిది, సగం భూమిల పాతి ఉంటది, లోపల నున్నగ అద్దం తీరు. అండ్ల నూరే పద్ధతికి మా నాయినమ్మ పెద్ద పోలీసు. మిరపకాయలు నూనెల మగ్గినంక ముందు ఉప్పుతోని వెయ్యాలె, రాళ్ల ఉప్పు పలుకులే మిరపకాయ తోలును చీరుతయి, పొడి ఉప్పుతోని ఆ పని కాదు. తర్వాత జీలకర్ర, ఎల్లిపాయ. ఆ తర్వాతనే పల్లీలో నువ్వులో, ముందే వేస్తే నూనె బయటికొచ్చి బండ జారుతది, మిరపకాయలు నలగవు. ఆఖరికి తడిపిన చింతపండు. ఉల్లిగడ్డ వేసినంక రెండే రెండు దెబ్బలు. "చితకాలె, నలగొద్దు" అనేది. అమ్మ మూడో దెబ్బ ఏస్తే అరుగు మీదికెల్లి "ఏమే, దాన్ని సంపుతున్నవా" అని వినపడేది. చూడకుండనే, సప్పుడు బట్టి లెక్కపెట్టేది ముసల్ది.

ఆ సప్పుడు రోజూ పొద్దుగాల ఊరంతా వినపడేది. ఎవరింట్ల ఏం నూరుతున్నరో సగం సప్పుడు బట్టి, సగం వాసన బట్టి తెలిసేది. పచ్చిమిరపకాయలు పెనం మీద వేగితే నాలుగిండ్ల దాక దగ్గులే, బడికి పోయే పిలగాండ్లం ముక్కు మూసుకొని ఉరికేటోళ్లం. ఎండుమిరపకాయలయితే ఇంకా ఘోరం, కండ్లల్లకెల్లి నీళ్లు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ల ఎవరన్న మిరపకాయలు వేయిస్తే వాట్సాప్ గ్రూపుల కంప్లయింట్ పెడ్తరు.

తొక్కు గిన్నెలకు తీసినంక రోట్ల అడుగున ఇంత మిగులుతది గదా, అండ్ల వేడన్నం గానీ రొట్టె ముక్క గానీ వేసి తుడిచి ముద్దలు చేసి పెట్టేది అమ్మ. దానికోసం ముగ్గురం రోలు చుట్టు కోళ్ల తీరు తిరిగేటోళ్లం. ఒక ముద్ద నాకు, ఒక ముద్ద తమ్మునికి, ఒకటి చెల్లెకు, మళ్ల నాకు. రోట్ల తుడిచిన ముద్దకు ఉన్న రుచి అదే తొక్కు గిన్నెల వేసుకొని తింటే ఉండదు, ఎందుకో ఇప్పటికీ నాకు సమజ్ కాదు. అమ్మకు ముద్ద మిగిలిందో లేదో మాత్రం నేనెప్పుడూ చూడలె.

*

ఏ తొక్కుకు ఏం జోడు అనే దానికి ఎవరూ మెనూ రాసిపెట్టలె, చేన్ల ఏముంటే అదే. గాని నాయినమ్మకు ఒక లెక్క ఉండేది, రొట్టెకు గట్టిది, అన్నానికి జారుది, గటకకు (జొన్నరవ్వ వండింది) పుల్లది. ఆలోచిస్తే సరిగ్గనే ఉంది. జొన్నరొట్టె పొడిగ ఉంటది, జారు తొక్కు పెడితే ఒక దిక్కు కారి పోతది, గట్టి తొక్కయితే ముక్క తెంపి దాంతోని గిల్లుకొని తినొచ్చు. అన్నమయితే తొక్కు ప్రతి మెతుకుకు పట్టాలె. గటకకు సొంత రుచి తక్కువ, పులుపు తగిలితేనే లోపటికి పోతది.

వానకాలం పుంటికూర. బయట గోంగూర అంటరు, మేము పుంటికూరనే అంటం. ఎర్ర కాడది పులుపెక్కువ, తెల్ల కాడది కొంచెం తక్కువ, అమ్మ రెండూ కలిపి నూరేది. వేడన్నం, పుంటికూర తొక్కు, పచ్చి ఉల్లిగడ్డ చేత్తోని కొట్టి పగలగొట్టింది, దీని గురించి ఎక్కువ రాయను, తెలిసినోళ్లకు రాయనక్కర్లేదు. బీరకాయ వండిన రోజు పొట్టు పారెయ్యకుండ నువ్వులతోని తొక్కు. దోసకాయ, దొండకాయ ఉంటే అవి. కాల్చిన వంకాయ తొక్కు సలికాలంల, పొయ్యిల నిప్పుల మీద కాల్చి తోలు తీసి, దానికి రొట్టె జోడు. జొన్న కంకి పాలు పోసుకున్నప్పుడు చేన్లనే కాల్చి నలిపితే ఊసబియ్యం, దాంట్లకు ఎల్లిపాయ కారం పొట్లం కట్టుకొని పోయేటోళ్లం, వేళ్లన్నీ నల్లగ మసి, మూతులు ఎర్రగ కారం.

చింతకాయ తొక్కు మాత్రం ఒక రోజు పని కాదు. గింజ గట్టిపడక ముందే చెట్టు మీదికెల్లి కొట్టాలె, మా ఊరి రోడ్డు పొడుగునా చింతచెట్లే గాబట్టి కాయకు కరువు లేకుండె. కడిగి ఆరబెట్టి, ఉప్పు పసుపు మెంతులు వేసి కచ్చాపచ్చాగ దంచి, రెండు మూడు రోజులు ఆగి గింజలు ఈనెలు తీసి, మళ్ల దంచి జాడిల గుద్ది గుద్ది పెట్టాలె, నడుమ గాలి ఉండొద్దు. పెట్టినప్పుడు పచ్చగ ఉంటది, ఏడాదికి నల్లగ అయితది, నల్లగ అయిందే విలువ. జరం వచ్చి లేచినోళ్లకు, బాలింతలకు పాత చింతకాయ తొక్కే పథ్యం. పక్కింటోళ్లు గూడ గిన్నె పట్టుకొని వచ్చి "ఇంత పాతది ఉంటే పెట్టు అక్కా" అని అడిగేటోళ్లు. జాడిల నుంచి నిమ్మకాయంత తీసి, ఎండుమిరపకాయలు ఎల్లిపాయలతోని ఇంకోసారి నూరి పోపు పెడితేనే అది తినే తొక్కు. గటక మీద గుంట చేసి, అండ్ల సల్ల పోసి, పక్కకు ఈ తొక్కు. కలుపుకొని జుర్రుడే.

పండుమిరపకాయ తొక్కు నాకు ప్రాణం అన్న గదా, దాని రోజు అమ్మకు మాత్రం శిక్ష. సలికాలం పోతుందనంగ మిరపచేన్ల ఎర్రగ పండినయి ఏరి తెచ్చేటోళ్లు, బస్తాడు. కడిగి, నీడకు తుడిచి, తొడిమెలు తీసి (కడగక ముందు తొడిమె తీస్తే లోపటికి నీళ్లు పోయి తొక్కు బూజు పడ్తది), ఉప్పు చింతపండు కలిపి నూరుడు. మధ్యాహ్నం నుంచి పొద్దూకే దాక. అప్పుడు ప్లాస్టిక్ గ్లౌజులు ఏమున్నయి. ఆ రాత్రి అమ్మ చేతులు రెండూ మండుతుండేవి, నీళ్లల్ల పెడితే ఆ మంట పోదు, నూనె రాసుకొని, సల్ల పోసుకొని, చేతులు రెండూ గాలికి పట్టుకొని అరుగు మీద కూసునేది. చెల్లె అప్పుడు సంకల పిల్ల, ఏడుస్తుంటే ఎత్తుకోరాదు, ముట్టుకుంటే పిల్లకు మండుతది గదా. నాయినమ్మ ఎత్తుకొని తిప్పేది. నేను వాకిట్ల కూసొని కొత్త తొక్కుతోని మూడో రొట్టె తింటున్న. ఇది నాకు బాగ యాదికుంది, నేను ఎన్ని రొట్టెలు తిన్ననో గూడ యాదికుంది చూడుండ్రి.

రొట్టె గురించి ఒక్క మాట. జొన్నపిండికి గోధుమపిండి తీరు సాగుడు లేదు, సలసల మరిగిన నీళ్లు పోస్తేనే ముద్దయితది. చెయ్యి కాలుతుంటనే పిసకాలె, పీట మీద తిప్పుకుంట తట్టాలె, పెంక మీద వేసినంక పైన తడిబట్టతోని తుడవాలె. టప్ టప్ టప్ అని తట్టే సప్పుడుకు నేను నిద్ర లేచేటోన్ని. అమ్మ చేతులు ఒక దిక్కు రొట్టెకు కాలేవి, ఒక దిక్కు తొక్కుకు మండేవి అని నేను ఇప్పుడు రాస్తున్న గాని అప్పుడు ఇవన్నీ ఎవరికి తెల్సు.

*

1983ల ఎన్టీ రామారావు గవర్నమెంట్ రెండు రూపాయలకు కిలో బియ్యం తెచ్చింది. నేను బడికి పోతున్న అప్పటికి. అంతకుముందు మా ఇంట్ల తెల్లన్నం అంటే పండుగకో, చుట్టాలు వస్తేనో. మేనత్త మిర్యాలగూడ నుంచి బస్సు మీద వేసుకొచ్చే బియ్యం మూటకు ఇంట్ల దేవుని దగ్గర పెట్టినంత మర్యాద. కంట్రోల్ బియ్యం వచ్చినంక రోజూ అన్నం అయింది. దొడ్డు బియ్యం, రాళ్లు ఏరాలె, ఒక్కోసారి ముక్కిన వాసన, అయినా తెల్లన్నం తెల్లన్నమే.

దాంతోని తొక్కు గూడ మారింది, ఇది ఎవరూ చెప్పరు గాని నాకు బాగ తెల్సు. రొట్టెకు నూరే గట్టి తొక్కు అన్నానికి సాగదు, అమ్మ టమాటలు ఎక్కువెయ్యవట్టె, చింతపండు నీళ్లు పొయ్యవట్టె. ఎల్లిపాయ కారం అన్నంల కలిస్తే గొంతు పట్టుకుంటది, నూనె కావాలె, నూనె ఏది. అప్పుడు తొక్కుతోని పాటు పచ్చిపులుసు గూడ రోజూ తోడొచ్చింది. మొదలు ముద్ద తొక్కుతోని, చివరి ముద్ద పులుసుతోని. జొన్న చేన్లు మెల్లమెల్లగ పత్తి చేన్లయినయి. రొట్టె తినేటోళ్లంటే పేదోళ్లు అని ఒక చిన్నచూపు వచ్చింది, నేను గూడ హాస్టల్‌కు సద్ది కట్టియ్యబోతే "రొట్టె వద్దు, అన్నమే కట్టు" అన్నోన్నే. ఇప్పుడు షుగర్ వచ్చి డాక్టర్ దగ్గరికి పోతే జొన్నరొట్టె తినమంటున్నడు, హైదరాబాద్ వనస్థలిపురంల రోడ్డు మీద కట్టెల పొయ్యి పెట్టి చేసి ఇస్తున్నరు, కొనుక్కొని తింటున్న. పక్కకు ఇచ్చే తొక్కు మాత్రం ఫ్రిజ్జుల నుంచి తీసింది.

*

నాయిన ఎండకాలం వచ్చిందంటే బొంబాయి పోతుండె. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెల్సు గదా, డ్యామ్‌లు, కాల్వలు, రోడ్లు, బిల్డింగులు, యాడ మట్టి తవ్వే పని ఉంటే ఆడ మనోళ్లే. పోయే ముందు రోజు ఇంట్ల రెండు పనులు, ఒకటి రొట్టెలు, రెండోది తొక్కు. రొట్టెలు పల్చగ తట్టి, సన్న మంట మీద కడక్‌గ ఎండేదాక కాల్చేది అమ్మ, అవి వారం పది రోజులు ఉంటయి, విరిస్తే అప్పడం తీరు సప్పుడు. వాటికి జోడు తడి లేని తొక్కు కావాలె. పల్లి తొక్కు పనికిరాదు, అండ్ల నీళ్లుంటయి, ఎండకు పొద్దుగాలది మాపటికి పులుస్తది. ఉల్లిగడ్డ వేసింది అసలే వద్దు. చింతకాయ తొక్కు పైన నూనె తేలేటట్టు వేయించి, గాజు సీసాల గట్టిగ కూరి, మూతకు బట్ట కట్టి. ఇంకో డబ్బాల ఎల్లిపాయ కారం, అంటే ఎండుమిరపకాయ, ఎల్లిపాయ, ఉప్పు, జీలకర్ర, అంతే, పొడి పొడిగ. అవి రెండు ఎన్ని రోజులు వస్తే అన్ని రోజులు ఇల్లు యాదికుండేది అనేటోడు నాయిన.

ఒకసారి వచ్చినప్పుడు ముచ్చట చెప్పిండు, బొంబాయిల పావ్ రొట్టె నడుమ ఆలుగడ్డ బజ్జీ పెట్టి లోపట ఎర్ర పొడి సల్లి ఇస్తరు, అది అచ్చం మీ అమ్మ ఎల్లిపాయ కారం తీరే, కాకపోతే వాళ్లు ఎండుకొబ్బరి కలుపుతరు అని. మేము నోరు తెరుచుకొని విన్నం. ఖాళీ సీసా మాత్రం పైలంగ వాపసు తెచ్చేటోడు, ఎన్నడూ పారెయ్యలె. అమ్మ దాని మూత తీసి వాసన చూసి కడిగి బోర్లించేది.

*

ఇగ హోటల్ సంగతి. మా మేనమామకు కల్వకుర్తి బస్టాండ్ దగ్గర చిన్న టిఫిన్ హోటల్ ఉండె, రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు. పదో తరగతి అయినంక ఎండకాలం సెలవులల్ల నన్ను ఆడికి పంపిండ్రు, తిండికి తిండి అయితది, పని నేర్చుకుంటడు అని. నేను నేర్చుకున్న పని పల్లీలు పొట్టు తీసుడు.

పెద్ద కడాయిల పల్లీలు వేయించుడు మామ పని, మాడితే చట్నీ అంతా చేదు గాబట్టి ఎవరికీ ఇయ్యడు. వేయించినయి గోనెపట్టా మీద పోసి ఇంకో పట్టా కప్పి రెండు చేతులతోని రాకాలె, పొట్టు ఊడుతది, చేటల వేసి చెరిగితే ఎర్రటి పొట్టంతా గాలికి ఎగిరి నెత్తి మీద పడ్తది. పొద్దుగాల నాలుగు గంటలకు ఇది. పల్లీలు బాదేపల్లి మార్కెట్ దిక్కు నుంచి వచ్చేవి. మా పాలమూరుల కొబ్బరిచెట్టు యాడుంది, గుడిల కొట్టిన కొబ్బరి చిప్ప తప్ప మాకు కొబ్బరి తెల్వదు, పల్లి మాత్రం వనపర్తి, అచ్చంపేట, గద్వాల, యాడ చూసినా పల్లే. అందుకే మా హోటళ్లల్ల ఏ టిఫిన్‌కైనా పల్లి చట్నీనే. వేయించిన పల్లీలకు ఇన్ని పుట్నాలు కలుపుతరు, చిక్కదనం వస్తది, ఖర్చు గూడ తగ్గుతది, పచ్చిమిరపకాయ, ఇంత చింతపండు, ఉప్పు. రుబ్బి పెద్ద స్టీలు బకీట్ల పోసి పైన ఆవాలు, కరివేపాకు, ఎండుమిరపకాయ పోపు సుయ్యిమని వేస్తే బస్సుల కూసున్నోళ్లు గూడ దిగేటోళ్లు.

ఏది దేనికి జోడో మామకు గట్టి లెక్కలుండె. ఇడ్లీకి చట్నీ మీదికెల్లి పొయ్యాలె, మునగాలె, ఎందుకంటే ఇడ్లీ చప్పగ ఉంటది, పీల్చుకుంటది. బోండాకు పక్కకు పొయ్యాలె, మీద పోస్తే కరకర పోతది. పూరీకి ఆలుగడ్డ కూర, చట్నీ అడిగితేనే. మిర్చి బజ్జీకి అసలే లేదు, దానికి కోసిన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. దోసెకైతే పల్లి చట్నీ ఒక దిక్కు, ఎర్ర చట్నీ ఒక దిక్కు, ఆ ఎర్ర చట్నీ ఇంట్ల తొక్కుకు చుట్టమయితది గాని చక్కెర కలిసిన చుట్టం. ఎవరన్న ఇడ్లీకి చట్నీ పక్కకు పొయ్యమంటే మామ వాణ్ని హైదరాబాదోడు అనుకునేటోడు.

పొద్దు ఎక్కిన కొద్దీ బకీట్ల చట్నీ తగ్గుతది, మనుషులు తగ్గరు. అప్పుడు చెంబుడు నీళ్లు. మళ్ల ఇంత ఉప్పు. ఏడు గంటల చట్నీ వేరు, పది గంటల చట్నీ వేరు, తెలిసినోళ్లు ఏడుకే వచ్చేటోళ్లు. చట్నీకి పైసలు లేవు గాబట్టి ఎంతంటే అంత అడుగుతరు, మామ గల్లా కాడ కూసొని ఎవరు ఎన్నిసార్లు అడిగిండ్రో కంటితోని లెక్కపెట్టేటోడు. నాకు చెప్పిండు, "రెండుసార్లు పొయ్యి, మూడోసారి విననట్టు చెయ్యి".

ఆ సెలవులల్లనే ఒకనాడు అమ్మ వచ్చింది. నాయిన బొంబాయి నుంచి పంపిన పైసల కోసమో, విత్తనాల కోసమో, యాదికి లేదు. తన తమ్ముని హోటలే గాబట్టి లోపటికి పోయి కూసోవచ్చు, పోలె, బయట బెంచీ మీదనే కూసున్నది, అందరి తీరు. మామ రెండిడ్లీ ఇయ్యమన్నడు. నేనే తెచ్చిన. చట్నీ మునిగేటట్టు పోసిన. ఆమె తిన్న తీరు నేను అంతకుముందు ఎన్నడూ చూడలె. ఇంట్ల అందరు తిన్నంక అడుగుబొడుగు నిలబడే తినేది, ఇక్కడ కూసొని మెల్లగ, ఒక్కో ముక్క చట్నీల ముంచి, ఎవరితోని మాట్లాడకుండ. "ఇంకింత ఎయ్యి బిడ్డా" అన్నది. ఏసిన. ఇడ్లీ సగం అయినంక మళ్ల "ఇంకింత ఎయ్యి" అన్నది. ఏసిన. ఇడ్లీలు అయిపోయినంక గూడ పళ్లెం ముందుకు జరిపి "ఇంకింత ఎయ్యి" అన్నది, ఉత్త చట్నీ. పక్క బెంచీ మీద మా బడి పిలగాండ్లు ఇద్దరు కూసున్నరు, మామ గల్లా కాడికెల్లి ఇటే చూస్తున్నడు. నాకు సిగ్గయింది. గంటె నిండ ముంచి సగం మళ్ల బకీట్లనే వంపి సగం పోసిన. ఆమె పళ్లెం చూసింది, నన్ను చూసింది, వేలితోని అది తుడుచుకొని తిని చెయ్యి కడుక్కున్నది. ఇగ అడగలె. పోయేటప్పుడు నా నెత్తి మీది పల్లి పొట్టు దులిపి పోయింది.

*

నాయినమ్మ పోయినంక రెండు మూడేండ్లకు ఇంట్లకు మిక్సీ వచ్చింది, నా మొదటి జీతంతోని నేనే కొన్న. రోలు పక్కకయింది. అమ్మకు సుఖమయితదని కొన్న గాని కొన్నాళ్లు తిట్టుకున్న, ఎందుకంటే మిక్సీ తొక్కు తొక్కు కాదు. బ్లేడు కోస్తది, నలగగొట్టదు, మెత్తటి పేస్టు అయితది, ఎక్కువసేపు తిప్పితే వేడెక్కి వాసన మారుతది. ఉల్లిగడ్డ వేస్తే ఒక్క తిప్పుకే నీళ్లు. "రోట్ల నూరరాదే, రుచే వేరుంటది" అని సెలవులకు వచ్చినప్పుడల్లా అనేటోన్ని. అమ్మ ఏమనకపోయేది, నేను వచ్చిన రోజు మాత్రం రోలు కడిగి నూరేది. ఆమెకు అప్పటికే భుజం నొప్పి ఉండె, చెయ్యి పైకి లేవకపోయేది. చెల్లె చెప్తే తెలిసింది ఇది, మొన్ననే.

*

మొన్న చెల్లె గారెలన్నీ తీసి నూనె గిన్నె దించినంక అప్పుడు చెప్పింది. "అమ్మకు మీ తొక్కులేవీ ఇష్టం లేకుండె. ఆమెకు హోటల్ల ఇడ్లీ చట్నీ ఇష్టం. కల్వకుర్తికి దవాఖానకని తీస్కపోతే ముందు టిఫిన్ అనేది. రెండిడ్లీ, చట్నీ మాత్రం నాలుగుసార్లు." తమ్ముడు నవ్విండు, "హోటల్ చట్నీ ఏముంటదే, అన్ని నీళ్లే" అన్నడు. "ఏముంటే ఏంది, ఆమె నూరలె గదా" అన్నది చెల్లె.

మరదలు గంటె కింద పెట్టింది. ఎవరం ఏం మాట్లాడలె. తమ్ముడు లేచి బండి తాళం తీసుకున్నడు. అప్పటికి పదకొండు అయితుంది, ఊరి స్టేజీ కాడ ఉన్న టిఫిన్ సెంటర్ల సామాను కడిగేస్తున్నరంట, అడుగున మిగిలిన నాలుగిడ్లీలు, చట్నీ దొరికినయి. చట్నీ పల్చటి ప్లాస్టిక్ కవర్ల పోసి, గాలి పోకుండ దారంతోని బిగ్గట్టి ఇచ్చిండ్రు, బుడగ తీరు ఉబ్బి ఉంది. మరదలు గిన్నెల పోస్తనన్నది, చెల్లె వద్దన్నది, "ఆకులనే, ఇడ్లీల మీదికెల్లి" అన్నది.

నాయిన ఇస్తారి, నాయినమ్మ ఇస్తారి, తాత ఇస్తారి, పక్కకు అమ్మది. కవరు మూల పంటితోని కొరికి నేనే పోసిన. పల్చగుంది, పది గంటలు దాటిన చట్నీ అని చూస్తేనే తెలుస్తున్నది, మునిగినయి ఇడ్లీలు, మోదుగాకు కుట్ల సందులల్లకెల్లి కిందికి కారి ముగ్గు మీదికి పోయింది. చాలనుకొని కవరు ముడెయ్యబోయిన.

"అన్నా, ఇంకుంది గదా అండ్ల" అన్నది చెల్లె. "ఇంకింత ఎయ్యి."

కవరు మొత్తం పిండిన.